సెంట్రల్ విస్టా: కుర్చీలు సిద్ధం, వాటి లెక్కే ఇంకా తేలలేదు

ఢిల్లీకి పని మీద వచ్చే తెలుగువాళ్లలో చాలామంది మధ్యాహ్నం వేళకు అశోకా రోడ్డులోని ఏపీ భవన్ క్యాంటీన్‌కు చేరతారు. పప్పు, పచ్చడి, పెరుగుతో కడుపు నిండాక, ఎండ మరీ తీవ్రంగా లేకపోతే ఇండియా గేట్ వైపు నడుస్తారు. దారిలోనే హైదరాబాద్ హౌస్ కనిపిస్తుంది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కోసం లుట్యెన్స్ గీసిన భవనం అది. ఇప్పుడు విదేశీ అతిథులతో ప్రధాని చర్చలు జరిపేది అందులోనే. అది దాటి ఇండియా గేట్ దగ్గర నిలబడి రైసినా కొండ వైపు చూస్తే, రాష్ట్రపతి భవన్ దాకా దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున కర్తవ్య పథ్ పరుచుకుని ఉంటుంది. బ్రిటిష్ వాళ్లు కింగ్స్‌వే అన్నారు, మనం రాజ్‌పథ్ అన్నాం, 2022 సెప్టెంబరు నుంచి కర్తవ్య పథ్ అంటున్నాం.

నాలుగేళ్ల క్రితం ఇక్కడ నడవడానికి వీలుండేది కాదు. ఎటు చూసినా రేకుల అడ్డుగోడలు, గోతులు, మట్టి లారీలు. ఇప్పుడు పచ్చిక పరిచారు, నీటి కాలువలు బాగుచేశారు, రోడ్డు దాటడానికి భూగర్భ దారులు కట్టారు. జన్‌పథ్ కూడలి దగ్గర కర్తవ్య భవన్‌లు లేచాయి. వలస పాలకులు కట్టిన రాజధానిలో స్వతంత్ర భారత ప్రభుత్వం చేపట్టిన అతిపెద్ద నిర్మాణ కార్యక్రమం కంటికి కనిపించేంతగా ముందుకు సాగింది. దీన్ని ఇష్టపడేవాళ్లూ పడనివాళ్లూ కూడా ఈ మాట ఒప్పుకోవాలి.

అయితే ప్రభుత్వ భవనాల పురోగతిని శాతాల్లో, చదరపు మీటర్లలో చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. స్లాబు పడిందా, అద్దాలు బిగించారా, ప్రారంభోత్సవం ఎప్పుడు అన్న లెక్కలే వార్తలవుతున్నాయి. ఆ భవనంలో ఎవరు కూర్చుంటారు, ఎంతమంది కూర్చుంటారు, ఏ నిర్ణయం ప్రకారం కూర్చుంటారు అన్నది వేరే లెక్క. ఆ లెక్కలో పని ఇంకా మొదటి దశలోనే ఉంది. తెలుగు రాష్ట్రాలకు నేరుగా సంబంధించిన లెక్క కూడా అదే.

ఏది పూర్తయింది, ఏది మిగిలింది

ముందు జరిగిన పని చూద్దాం. సెంట్రల్ విస్టా పునర్నిర్మాణానికి ప్రభుత్వం 2019లో సన్నాహాలు మొదలుపెట్టింది. ఆ ఏడాదే అహ్మదాబాద్‌కు చెందిన హెచ్‌సీపీ డిజైన్ సంస్థ, దాని అధిపతి బిమల్ పటేల్ ఈ పనికి ఎంపికయ్యారు. కొత్త పార్లమెంటు భవనానికి 2020 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. రూ.861.90 కోట్ల బిడ్‌తో టాటా ప్రాజెక్ట్స్ ఆ కాంట్రాక్టు దక్కించుకుంది. 2022 శీతాకాల సమావేశాలు కొత్త భవనంలోనే అన్నారు. ప్రారంభోత్సవం 2023 మే 28న జరిగింది, సభలు అక్కడికి మారింది సెప్టెంబరు 19న. పాత గుండ్రటి భవనానికి సంవిధాన్ సదన్ అని పేరు పెట్టారు.

ఉపరాష్ట్రపతి కొత్త నివాసం 2024లో వాడుకలోకి వచ్చింది. ఉమ్మడి కేంద్ర సచివాలయంలో మొత్తం పది భవనాలు కట్టాలన్నది ప్రణాళిక. వాటిలో మొదటిదైన కర్తవ్య భవన్-3ను 2025 ఆగస్టు 6న ప్రధాని ప్రారంభించారు. సుమారు లక్షన్నర చదరపు మీటర్ల ఆ భవనానికి హోం, విదేశాంగ, గ్రామీణాభివృద్ధి, పెట్రోలియం వంటి శాఖలను కేటాయించారు. వేర్వేరు చోట్ల నడుస్తున్న కార్యాలయాల అద్దెలకే ఏటా రూ.1,500 కోట్లు పోతోందని ఆ రోజు ప్రధాని చెప్పారు. శాస్త్రి భవన్, కృషి భవన్, నిర్మాణ్ భవన్ వంటి పాత కట్టడాల ఇరుకు వరండాల్లో ఫైలు కోసం తిరిగినవాళ్లెవరూ కొత్త కార్యాలయాలు అనవసరమని అనరు. ప్రభుత్వ వాదనలో బలం ఉంది.

ఇక మిగిలిన పని. 2019 నాటి అంచనా ప్రకారం ఉమ్మడి సచివాలయమంతా 2024కే సిద్ధం కావాలి. ఆ గడువు దాటాక గానీ మొదటి భవనం తలుపులు తెరుచుకోలేదు. ఇప్పుడు కట్టినవి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఖాళీ చేసిన స్థలంలో లేచాయి. మిగతావి రావాలంటే ఇంకా పనిచేస్తున్న పాత కార్యాలయాలను ఖాళీ చేయించి, కూల్చి, అదే చోట కట్టాలి. ఒకటి ఖాళీ అయితే తప్ప మరొకటి మొదలు కాదు. అసలు కష్టం ముందుంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. ప్రభుత్వాలకైనా ఆ సామెత వర్తిస్తుంది. ఆలస్యం ఒక్కటే అయితే దీని గురించి ఇంత రాయాల్సిన అవసరం లేదు. ఈ నగరాన్ని మొదట కట్టినవాళ్లు ఇంతకన్నా ఎక్కువ ఆలస్యం చేశారు.

గుండ్రటి భవనం మొదటి ప్లానులో లేదు

1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో ఐదో జార్జి రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించాడు. మూడు రోజులకే నగరానికి ఉత్తరాన, దర్బారు జరిగిన ప్రాంతంలో పునాది రాళ్లు వేసేశారు. తర్వాత నిపుణులు వచ్చి చూసి ఆ చోటు పనికిరాదన్నారు. రాజధాని దక్షిణాన రైసినా కొండకు మారింది. శంకుస్థాపన ముందు, స్థలం ఎంపిక తర్వాత అన్నమాట. నాలుగేళ్లలో, 40 లక్షల పౌండ్లతో పని ముగుస్తుందని వైస్రాయ్ హార్డింజ్ లెక్క వేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పడింది. చివరికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది, ఖర్చు కోటి పౌండ్ల దరిదాపులకు చేరింది. న్యూఢిల్లీ ప్రారంభోత్సవాలు జరిగింది 1931 ఫిబ్రవరిలో.

రైసినా, మాల్చా వంటి గ్రామాల భూములు 1894 నాటి భూసేకరణ చట్టం కింద తీసుకున్నారు. ఊళ్లు పోయాయి, మనుషులు చెదిరిపోయారు. మాల్చా రైతుల వారసులు వందేళ్లు దాటిన తర్వాత కూడా పరిహారం కోసం ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కారు. భవనం పూర్తయిందని రాసుకున్నంత మాత్రాన లెక్క ముగిసినట్టు కాదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఈ చరిత్రలో ఇవాళ్టి చర్చకు అన్నిటికన్నా పనికొచ్చే విషయం ఒకటుంది. లుట్యెన్స్, బేకర్ మొదట గీసిన న్యూఢిల్లీలో విడిగా చట్టసభ భవనం లేదు. వైస్రాయ్ నివాసంలోనే కౌన్సిల్‌కు చోటిస్తే చాలనుకున్నారు. వైస్రాయ్ పిలిచినప్పుడు వచ్చి కూర్చునే కొద్దిమంది సభ్యులకు వేరే భవనం ఎందుకన్నది వాళ్ల ఆలోచన.

ఆ ఆలోచనను మార్చింది రాజకీయం. దేశంలో ఒత్తిడి పెరిగి 1919 భారత ప్రభుత్వ చట్టం వచ్చింది. కేంద్రంలో రెండు సభలు ఏర్పడ్డాయి. శాసనసభలో 145 మంది, కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌లో 60 మంది. ఓటు హక్కు కొద్దిమందికే ఉన్నా, ఎన్నికై వచ్చినవాళ్లు మెజారిటీలో ఉన్నారు. అంతమందికి వైస్రాయ్ ఇంట్లో చోటు చాలదు. అందుకని 1921 ఫిబ్రవరి 12న కన్నాట్ డ్యూక్ చేత కౌన్సిల్ హౌస్‌కు శంకుస్థాపన చేయించారు. 1927 జనవరి 18న వైస్రాయ్ ఇర్విన్ దాన్ని ప్రారంభించాడు. మనం దశాబ్దాల పాటు పార్లమెంటుగా చూసిన గుండ్రటి భవనం అలా పుట్టింది. అంటే ముందు చట్టం మారింది, సభ్యుల సంఖ్య తేలింది, ఆ తర్వాతే భవనం వచ్చింది.

పైగా భవనం తెరిచినంత మాత్రాన అందులోని సభకు జనం దృష్టిలో గౌరవం రాలేదు. రెండేళ్లకే, 1929 ఏప్రిల్ 8న, భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ ఆ సభలో బాంబులు విసిరి నినాదాలు చేశారు. 1946 డిసెంబరు 9న రాజ్యాంగ సభ సమావేశమయ్యాక గానీ అది ఈ దేశపు భవనం కాలేదు. గోడలు అవే, లోపల కూర్చున్నవాళ్లు మారారు.

888 అనే అంకె

ఇప్పుడు కొత్త పార్లమెంటుకు వద్దాం. అందులో లోక్‌సభ హాలులో 888 సీట్లున్నాయి, రాజ్యసభ హాలులో 384. ఉభయ సభల సంయుక్త సమావేశానికి లోక్‌సభ హాలులోనే 1,272 మంది కూర్చోవచ్చు. ప్రస్తుతం లోక్‌సభలో ఉన్నది 543 స్థానాలు. రాజ్యాంగంలోని 81వ అధికరణ ప్రకారం రాష్ట్రాల నుంచి 530, కేంద్రపాలిత ప్రాంతాల నుంచి 20, మొత్తం 550 దాటకూడదు. దాటాలంటే రాజ్యాంగాన్ని సవరించాలి. ఆ సవరణ జరగలేదు. ఎన్ని స్థానాలు పెంచాలి, ఏ ప్రాతిపదికన పంచాలి అన్నదానిపై పార్లమెంటు తేల్చింది ఏమీ లేదు. కుర్చీలు మాత్రం వేసేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వరస.

ముందుచూపుతో కట్టారని ప్రభుత్వం చెబుతుంది. అందులో అబద్ధం లేదు. వందేళ్లు నిలిచే భవనం కడుతూ ఇప్పటి సంఖ్యకే కుర్చీలు వేస్తే అది తెలివితక్కువతనం. పాత భవనంలో సంయుక్త సమావేశాలకు సెంట్రల్ హాలు చాలక అదనపు కుర్చీలు వేసిన సంగతి అందరికీ తెలుసు. సభ్యుడికి కాళ్లు చాపుకునే చోటు కూడా లేని వరసలు అవి.

కానీ సంఖ్య ఒకసారి రాతిలో, చెక్కలో కనిపించాక, అది మెల్లగా చర్చలోకి జొరబడుతుంది. 888 అన్నది ఆర్కిటెక్టు వేసుకున్న అంచనా. ఏ కమిషనూ సిఫారసు చేసిన సంఖ్య కాదు. అయినా లోక్‌సభ స్థానాల పెంపు గురించి మాట్లాడే ప్రతి చోటా ఇప్పుడు ఆ అంకె వినిపిస్తోంది. 1920ల్లో రాజకీయం ముందు నడిచింది, కట్టడం వెనక వచ్చింది. ఇప్పుడు కట్టడం ముందు నిలబడి, రాజకీయం కోసం ఎదురుచూస్తోంది.

ఈ నిరీక్షణ ఎక్కువ కాలం ఉండదు. రాష్ట్రాల మధ్య లోక్‌సభ స్థానాల పంపకం ఇప్పటికీ 1971 జనాభా లెక్కల మీదే ఉంది. 1976లో 42వ సవరణతో దాన్ని ఆపారు, 84వ సవరణతో 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించారు. తదుపరి జనగణనకు కేంద్రం 2025 జూన్ 16న నోటిఫికేషన్ ఇచ్చింది. దేశంలో చాలా భాగానికి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అంటే తాళం తీసే సమయం దగ్గరపడింది. కొత్త భవనంలో ఆమోదం పొందిన మొదటి చట్టమైన మహిళా రిజర్వేషన్ కూడా జనగణన, డీలిమిటేషన్ పూర్తయితే గానీ అమలు కాదు. 2023 సెప్టెంబరులో లోక్‌సభలో 454 ఓట్లతో, రాజ్యసభలో 214 ఓట్లతో గెలిచిన చట్టం అది. ఆ భవనం మొదటి పని కూడా ఇదే లెక్క కోసం ఆగి ఉంది.

తెలుగు రాష్ట్రాల వాటా

ఆంధ్రప్రదేశ్‌కు 25, తెలంగాణకు 17. రెండూ కలిపి 543లో 42, అంటే 7.7 శాతం. దక్షిణాది ఐదు రాష్ట్రాలకు కలిపి 129, దాదాపు 24 శాతం. కుటుంబ నియంత్రణలో ముందున్న రాష్ట్రాలివి. జనాభా ఒక్కటే కొలబద్ద అయితే వీటి వాటా తగ్గుతుందన్న ఆందోళనకు కారణం అదే.

దక్షిణాది రాష్ట్రాలకు ఒక్క సీటు కూడా తగ్గదని కేంద్ర హోం మంత్రి అమిత్ షా 2025 ఫిబ్రవరిలో కోయంబత్తూరులో హామీ ఇచ్చారు. ఆ హామీని జాగ్రత్తగా చదవాలి. సీట్లు తగ్గకపోవడం వేరు, వాటా తగ్గకపోవడం వేరు. సభ 888కి పెరిగిందనుకుందాం. ఇప్పటి వాటా నిలవాలంటే తెలుగు రాష్ట్రాలకు 69 స్థానాలు దాకా రావాలి. 50 వచ్చాయనుకోండి. ఎనిమిది పెరిగినట్టే. హామీ నిలబెట్టుకున్నట్టే. కానీ వాటా 7.7 నుంచి 5.6 శాతానికి పడిపోతుంది. ఓటింగులో, బడ్జెట్ చర్చలో, ప్రభుత్వం ఏర్పాటు చేసే బేరసారాల్లో పనిచేసేది వాటానే.

ఈ విషయం మన రాజకీయ పార్టీలకు తెలియనిది కాదు. 2025 మార్చి 22న చెన్నైలో జరిగిన సమావేశానికి తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, ప్రతిపక్షం నుంచి కేటీఆర్ ఇద్దరూ వెళ్లారు. ఆ వెంటనే తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో అధికారంలో ఉండి, కేంద్ర ప్రభుత్వానికి మద్దతిస్తున్న తెలుగుదేశం ఆ వేదిక మీద లేదు. వైఎస్సార్సీపీ అధినేత జగన్ దక్షిణాది వాటా తగ్గకుండా చూడాలని ప్రధానికి లేఖ రాశారు. ఎవరి అవసరం వారిది. కానీ లెక్క మాత్రం రెండు రాష్ట్రాలకూ ఒకటే.

విభజన చట్టం 26వ సెక్షన్ అనుభవం కూడా మనకు గుర్తుండాలి. ఏపీ శాసనసభ స్థానాలను 175 నుంచి 225కు, తెలంగాణ స్థానాలను 119 నుంచి 153కు పెంచాలని 2014లోనే చట్టంలో రాశారు. పదేళ్లు దాటినా అది జరగలేదు. ఆ పెంపు కోరుతూ వేసిన పిటిషన్‌ను 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. కాగితం మీద సంఖ్య ఉన్నా సీటు రావడం మన చేతిలో లేదన్నమాట. కాగితం మీద సంఖ్యే లేని చోట ఇంకెంత జాగ్రత్త కావాలో చెప్పనక్కర్లేదు.

అడగాల్సిన సమయంలో అడగలేదు

ముందు కట్టి తర్వాత చర్చించే ఈ వరస సీట్ల దగ్గరే మొదలవ్వలేదు. మొత్తం ప్రాజెక్టు నడిచిందే అలా. సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 7న శంకుస్థాపనకు అనుమతిస్తూ, తీర్పు వచ్చేదాకా కూల్చివేతలు, నిర్మాణం, చెట్ల తరలింపు వద్దని చెప్పాల్సి వచ్చింది. 2021 జనవరి 5న 2-1 మెజారిటీతో ప్రాజెక్టుకు ఆమోదం దొరికింది. జస్టిస్ ఖాన్విల్కర్, జస్టిస్ దినేశ్ మహేశ్వరి సమర్థించారు. జస్టిస్ సంజీవ్ ఖన్నా విభేదించారు. భూ వినియోగ మార్పుపై ప్రజల అభిప్రాయం సరిగ్గా తీసుకోలేదని, వారసత్వ పరిరక్షణ కమిటీ ముందస్తు అనుమతి అవసరమని ఆయన రాశారు. భవనం కట్టొద్దని ఆయన అనలేదు. అడిగి కట్టమన్నారు.

కొవిడ్ రెండో ఉద్ధృతిలో, ఢిల్లీలో ఆక్సిజన్ కోసం జనం పరుగులు పెడుతున్నప్పుడు కూడా ఇక్కడ పని ఆగలేదు. ఆపమని వేసిన పిటిషన్‌ను ఢిల్లీ హైకోర్టు 2021 మే 31న తోసిపుచ్చి, వేసినవారికి లక్ష రూపాయల జరిమానా విధించింది. చట్టపరంగా ప్రభుత్వం గెలిచింది. కానీ ఆ రోజుల్లో తమవాళ్లను పోగొట్టుకున్న ఢిల్లీవాసులు ఈ రోడ్డు మీద నడిచేటప్పుడు ఆ సంగతి మర్చిపోలేరు.

2024 వర్షాకాలంలో కొత్త పార్లమెంటు లాబీలో నీరు కారినప్పుడు ప్రతిపక్షం బకెట్ వీడియోతో హడావుడి చేసింది. అద్దాల గోపురాన్ని అంటించిన పదార్థం కొంచెం జరిగిందని, వెంటనే సరిచేశామని లోక్‌సభ సచివాలయం చెప్పింది. పైకప్పులో లీకు పెద్ద విషయం కాదు, మేస్త్రీ వచ్చి సరిచేస్తాడు. ప్రక్రియలో పడిన చిల్లులకు అంత సులభమైన మరమ్మతు లేదు.

ఇప్పటికైనా ఆ తప్పు దిద్దుకునే అవకాశం రెండు చోట్ల ఉంది. మొదటిది మ్యూజియం. నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్‌లను ఖాళీ చేసి, యుగే యుగీన్ భారత్ పేరుతో జాతీయ మ్యూజియంగా మార్చాలన్నది ప్రణాళిక. సుమారు 1.55 లక్షల చదరపు మీటర్లు, 950 గదులు. దీనికోసం 2024 డిసెంబరులో ఒక ఫ్రెంచి సంస్థతో ఒప్పందం కుదిరింది. జన్‌పథ్‌లోని జాతీయ మ్యూజియం 1960 నుంచి ఉన్నచోటే ఉంది. అక్కడి రెండు లక్షలకు పైగా వస్తువుల్లో నాగార్జునకొండ శిల్పాలు కూడా ఉన్నాయి. రాతి పలకను ఒక గది నుంచి మరో గదికి మార్చడమే ప్రమాదం. ఏది ఎప్పుడు కదులుతుంది, ఎక్కడ భద్రపరుస్తారు, ప్రదర్శన ఎంతకాలం మూతపడుతుంది అన్నది జాబితాతో సహా ప్రజల ముందు పెట్టాలి. ఫైళ్లు కూర్చునే గదులు శిల్పాలకు ఎలా పనికొస్తాయో నిపుణులు బహిరంగంగా చర్చించాలి. ఇది కదలిక మొదలయ్యాక చేసే పని కాదు.

రెండోది 888. జనగణన అంకెలు రాకముందే, సీట్ల పెంపు, పంపకం సూత్రాలపై రాష్ట్రాలతో చర్చ మొదలుపెట్టాలి. అంకెలు వచ్చాక ఎవరి లాభనష్టాలు వారికి కనిపిస్తాయి కాబట్టి సూత్రం మీద మాట్లాడటం కష్టమవుతుంది. వాటా కాపాడతారా, సంఖ్యే కాపాడతారా అన్న ఒక్క ప్రశ్నకు కేంద్రం రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ జవాబు అడగాల్సింది 42 మంది తెలుగు ఎంపీలు, పార్టీలతో సంబంధం లేకుండా. లోక్‌సభలో ఇప్పుడు వారికి ఉన్న బలం రేపు ఉంటుందో లేదో తేల్చేది అదే కాబట్టి, ఉన్నప్పుడే అడగాలి.

సాయంత్రం వేళ కర్తవ్య పథ్ మీద జనం బాగానే ఉంటారు. పిల్లలు పచ్చిక మీద ఆడుకుంటారు, ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు రాష్ట్రపతి భవన్ కనిపించేలా ఫొటోలు దిగుతారు. వాళ్లకు ఈ నగరం ఎవరు కట్టారన్న పట్టింపు లేదు, ఉండాల్సిన పనీ లేదు. కానీ ఆ ఫొటోలో వెనక కనిపించే సభలో వాళ్ల ఊరి మాట ఎంత బరువు తూగుతుందన్నది రాబోయే రెండుమూడేళ్లలో తేలిపోతుంది. భవనాల పురోగతిని ప్రభుత్వం ఎలాగూ చెబుతుంది. ఈ లెక్క మనం అడిగితేనే బయటికొస్తుంది.